మలివయసులో మిత్రుల మాట: ఔషధమెంత, అపథ్యమెంత?

మానవుని ఆయుర్దాయాన్ని ఆయుర్వేదం మూడు దశలుగా విభజించింది. బాల్యంలో కఫం, నడివయసులో పిత్తం, వార్ధక్యంలో వాతం ప్రబలంగా ఉంటాయి. వాతానికి రూక్షత, శీతలత, చలత్వం సహజ గుణాలు. అందుచేతనే అరవై దాటిన తరువాత చర్మం పొడిబారడం, కీళ్ళు పట్టివేయడం, నిద్ర పలుచబడడం, మలబద్ధకం, చిన్న విషయానికే మనసు కలత చెందడం వంటివి కనిపిస్తాయి. ఈ వాతాన్ని ప్రకోపింపజేసే కారణాలలో ఉపవాసం, జాగరణం, అతిశ్రమలతోపాటు భయం, శోకం, చింతలను కూడా మన ప్రాచీనులు చేర్చారు. ఒంటరితనం ఈ మూడింటికీ పుట్టినిల్లు.

2020లో వ్యాపించిన కరోనా మహమ్మారి పెద్దవారిని రెండు విధాలుగా దెబ్బతీసింది. మొదటిది వ్యాధి. రెండవది, వ్యాధి సోకకుండా ఉండడానికి పాటించవలసి వచ్చిన ఏకాంతం. ఆ కాలంలో ఎందరో వృద్ధులు దశాబ్దాల క్రితం దూరమైన మిత్రులను ఫోను ద్వారా తిరిగి కలుసుకొన్నారు. ఒకరి బాధలు మరొకరితో చెప్పుకొన్నారు. ఒకరి మందులు మరొకరికి చెప్పారు. ఈ రెండింటిలో మొదటిది ఎంతో మేలు చేసింది. రెండవది అన్ని వేళలా మేలు చేయలేదు. సికింద్రాబాదు మోండా మార్కెట్ పరిసరాలలో పెరిగిన మా మిత్రబృందం అనుభవం ఆధారంగా ఈ భేదాన్ని పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మోండా మిత్రులు

మోండా మార్కెట్ గురించి జంటనగరాల వారికి చెప్పనవసరం లేదు. ఇతర ప్రాంతాల పాఠకుల కొరకు రెండు మాటలు. సికింద్రాబాదు రైల్వే స్టేషన్‌కు నడచి వెళ్ళగల దూరంలో, కంటోన్మెంటు పట్టణం విస్తరించిన బ్రిటిష్ కాలంలో వెలసిన పాత మార్కెట్ ఇది. కూరగాయలు, పండ్లు, పూలు, తమలపాకులు, విస్తళ్ళు, పూజాద్రవ్యాలు, పచారీ సరుకులు అన్నీ అక్కడ దొరుకుతాయి. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయలు, అతిమధురం అమ్మే కొట్లు కూడా ఆ సందులలోనే ఉంటాయి. వేసవి వచ్చిందంటే ఆవకాయకు మామిడికాయలు కొని, అక్కడే ముక్కలు కొట్టించుకొని ఇంటికి తీసుకువెళ్ళడం ఎన్నో కుటుంబాలకు ఆనవాయితీ.

ఆ సందులలో కలిసి పెరిగినవారం తొమ్మిదిమందిమి. చదువులు ముగిశాక ఒకరు రైల్వేలో, ఇద్దరు బ్యాంకులలో, మరికొందరు ఇతర ఉద్యోగాలలో స్థిరపడ్డారు. మాకంటే రెండేళ్ళు పెద్దదైన ఒక అక్కయ్య ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసింది. ఒక మిత్రుడు కుమారుని వద్ద అమెరికాలో ఉంటున్నాడు. నేను ఆయుర్వేద వైద్యవృత్తిలో ఉన్నాను. పెళ్ళిళ్ళలోనో పరామర్శలలోనో తప్ప మేము కలుసుకొన్నది తక్కువ.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు వెల్లడైంది. ఆ రోగికి చికిత్స జరిగింది మా సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రిలోనే. 2003 వరకు ఆ ఆసుపత్రి రైల్వే స్టేషన్ దగ్గర ఉండేది. మాలో చాలామందికి చిన్ననాటి జ్వరాలకు మందు ఇచ్చింది అదే. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ అమలయ్యాయి. ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. 65 సంవత్సరాలు దాటినవారు ఇల్లు కదలరాదని ప్రభుత్వం సూచించింది. ఆ వారంలోనే మా రైల్వే మిత్రుడు పాత డైరీలు వెదికి, ఒకరి ద్వారా ఒకరి నంబర్లు సంపాదించి, అందరినీ వాట్సాప్ బృందంలో చేర్చాడు. కొందరి కంఠం ముప్పై ఏళ్ళ తరువాత విన్నాం.

మొదటి వారం పాత సినిమాహాళ్ళ సంగతులు, ఉపాధ్యాయుల ముచ్చట్లు, ఆ ఏడాది ఆవకాయకు కాయలు ఎట్లా వస్తాయన్న చింత. రెండవ వారానికి అసలు విషయాలు బయటికి వచ్చాయి. ఒకరికి కంటిశుక్లం ఆపరేషన్ వాయిదా పడింది. ఒకరికి మధుమేహం అదుపు తప్పింది. ఒకరికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. ప్రోస్టేటు గ్రంథి వాచి రాత్రి ఐదారుసార్లు లేవవలసి వస్తున్న సంగతిని ఒక మిత్రుడు రెండేళ్ళుగా ఇంట్లో కూడా చెప్పలేదు, మాతో చెప్పాడు. అతడు చెప్పిన పది నిమిషాలలో మరో ఇద్దరు, "మాకూ అంతేరా" అన్నారు. ఆ ముగ్గురూ తరువాత వైద్యుని సంప్రదించారు. రోగాన్ని గురించి సిగ్గుపడడం మాని నోరు విప్పడమే చికిత్సకు మొదటి మెట్టని ఇక్కడ గ్రహించాలి.

మాట ఎట్లా మందవుతుంది?

చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరక సంహిత చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. నాలుగింటిలో ఏది లోపించినా చికిత్స కుంటుపడుతుంది. పిల్లలు దూరదేశాలలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉంటున్న ఈ కాలంలో చాలా ఇళ్ళలో లోపిస్తున్నది పరిచారకుని స్థానమే. దగ్గర కూర్చొని సేవ చేయలేకపోయినా, ప్రతిదినం పలుకరించే మిత్రుడు ఆ లోటును కొంత తీరుస్తాడు.

చరకుడే చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా చెప్పాడు. మనసును అహితమైన ఆలోచనల నుండి మరల్చి స్థిరపరచడమే సత్త్వావజయం. రోగాన్ని పెంచేవాటిలో విషాదానికి అగ్రస్థానం ఇచ్చిన గ్రంథం కూడా అదే. సత్యం పలకడం, కోపం విడవడం, పెద్దలను ఆదరించడం వంటి సత్ప్రవర్తనకు ఆచార రసాయనమని పేరు పెట్టి, ఉసిరి, కరక్కాయ వంటి రసాయన ద్రవ్యాల సరసన నిలిపింది.

ఆధునిక పరిశోధనలు కూడా ఈ దిశగానే సాగుతున్నాయి. 2010లో అమెరికా పరిశోధకులు 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా వ్యక్తుల వివరాలను కలిపి పరిశీలించారు. బలమైన మానవ సంబంధాలు గలవారికి జీవించి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా ఉన్నట్లు వారు కనుగొన్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో ప్రారంభమై తరతరాలుగా సాగుతున్న అధ్యయనం కూడా మలివయసు ఆరోగ్యానికి మంచి సంబంధాలు ముఖ్యమని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో ఈ విషయమై ప్రత్యేకంగా ఒక కమిషన్‌ను నియమించింది. స్నేహితులున్నంత మాత్రాన రోగం రాదని దీని అర్థం కాదు. వచ్చిన రోగం త్వరగా బయటపడుతుంది, మందు వేళకు పడుతుంది, మనసు కుంగదు.

మా బృందంలో ఈ మేలు మూడు రూపాలలో కనిపించింది. ఒకటి, దినచర్యకు ఒక ఆధారం దొరికింది. సాయంత్రం ఆరింటికి అక్కయ్య బడిలో మాదిరిగా హాజరు తీసుకునేది. ఆ వేళకు స్నానం, ఫలహారం, నడక ముగించుకోవడం అందరికీ అలవాటైంది. క్రమబద్ధమైన దినచర్య వాతానికి మొదటి చికిత్స. రెండు, బాధను మాటలలో పెట్టడం వలన వైద్యునికి దానిని సరిగా చెప్పగలగడం అలవడింది. మూడు, మార్పును గుర్తుపట్టే మనిషి ఒకరున్నారు. తన మతిమరుపు తనకు తెలియదు. రోజూ మాట్లాడే మిత్రునికి తెలుస్తుంది.

కషాయాల వెల్లువ

ఇక రెండవ వైపు చూద్దాం. 2020 మార్చి 31న కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ వ్యాధినిరోధక శక్తి కొరకు కొన్ని సూచనలు వెలువరించింది. వేడినీరు త్రాగడం, వంటలో పసుపు, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి వాడడం, ఉదయం ఒక చెంచా చ్యవనప్రాశ, 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అరచెంచా పసుపు, తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షలతో కషాయం రోజుకు ఒకటి రెండు సార్లు. ఇవన్నీ మితంగా చెప్పిన సూచనలు. కరోనాను నయం చేస్తాయని ఆ శాఖ చెప్పలేదు.

ఆ సూచనలు చేతులు మారిన కొద్దీ మితం కాస్తా అమితమైంది. రెండుసార్లన్న కషాయం ఐదుసార్లయింది. చిటికెడు మిరియాలు చెంచాడయ్యాయి. మోండా మార్కెట్ కొట్లలో ఎన్నడూ అతిమధురం పేరు అడగనివారు కిలోల లెక్కన కొన్నారు. మా బృందంలో రోజుకు ఏడెనిమిది కషాయాల విధానాలు తిరిగేవి. "నాకు బాగా పనిచేసింది, నువ్వూ త్రాగు" అన్న ఒక్క మాటే వాటికి ఆధారం.

మా బ్యాంకు మిత్రుని సంగతి చూడండి. అతనికి పదేళ్ళుగా రక్తపోటు ఉంది, మాత్ర వేసుకుంటున్నాడు. గొంతు గరగరకు మరొక మిత్రుడు చెప్పిన అతిమధుర కషాయాన్ని రోజుకు నాలుగుసార్లు చొప్పున ఆరు వారాలు సేవించాడు. కాళ్ళు వాచాయి, నీరసం కమ్మింది. ఇంట్లోని పరికరంతో చూసుకుంటే రక్తపోటు 170/100. అతిమధురంలోని గ్లిసిరైజిన్ అనే పదార్థం శరీరంలో ఉప్పును, నీటిని నిలుపుతుంది. పొటాషియాన్ని బయటికి పంపుతుంది. అందువలన రక్తపోటు పెరుగుతుంది, గుండె లయ సైతం తప్పవచ్చు. అతడు కషాయం మాని, తన వైద్యుని చూపించుకొన్న మూడు వారాలకు తేరుకొన్నాడు. విశేషమేమంటే, ఆ కషాయం చెప్పిన మిత్రునికి అది నిజంగానే పనిచేసింది. అతనికి రక్తపోటు లేదు. అతడు సేవించింది మూడు రోజులే.

ఒకే ద్రవ్యం ఒకరికి అమృతం, మరొకరికి విషం ఎందుకవుతుంది? మహమ్మారులను గురించి చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసమనే పేరుతో ప్రత్యేకంగా ఒక అధ్యాయముంది. వేర్వేరు ప్రకృతులు, వేర్వేరు ఆహారాలు, వేర్వేరు వయసులు గలవారు ఒకే కాలంలో ఒకే వ్యాధికి ఎట్లా లోనవుతారని అక్కడ ప్రశ్న. గాలి, నీరు, నేల, కాలం అందరికీ సమానం కనుక, అవి చెడినప్పుడు వ్యాధి అందరికీ సోకుతుందని సమాధానం. కారణం ఉమ్మడిది కావచ్చును గాని, చికిత్స నిర్ణయించేటప్పుడు మాత్రం దేశం, కాలం, వయసు, బలం, జఠరాగ్ని, ప్రకృతి అన్నీ చూడాలని ఆయుర్వేద నియమం. మిత్రుడు మనకు మందు చెప్పేటప్పుడు ఇవేవీ చూడడు. ప్రేమతో చెబుతాడు. ప్రేమ మోతాదును నిర్ణయించలేదు.

ఎవరు దేనితో జాగ్రత్తపడాలి?

పెద్ద వయసులో దాదాపు ప్రతివారూ ఏదో ఒక మందు వాడుతూనే ఉంటారు. కనుక వంటింటి ద్రవ్యాలను కూడా మందు మోతాదులో వాడే ముందు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవాలి.

రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు: అతిమధురం తరచుగా వాడరాదు. ఉప్పు కలిపిన పానీయాలు, నిలువ పచ్చళ్ళు తగ్గించాలి.

మధుమేహం ఉన్నవారు: కషాయంలో తేనె, బెల్లం, ఎండుద్రాక్ష, మామూలు చ్యవనప్రాశ చక్కెరను పెంచుతాయి. ఇందుకు విరుద్ధంగా మెంతులు, కాకరరసం ఎక్కువైతే, వాడుతున్న మాత్రలతో కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు.

రక్తం పలుచబడే మందులు వాడేవారు: వంటలో పసుపు, వెల్లుల్లి నిరభ్యంతరం. పసుపు గొట్టాలు, పచ్చి వెల్లుల్లి రేకలు రోజూ మందుగా తీసుకుంటే రక్తస్రావ ప్రమాదం పెరుగుతుంది.

ఆమ్లపిత్తం, కడుపులో పుండు, మొలలు ఉన్నవారు: మిరియాలు, శొంఠి, దాల్చినచెక్కల తీక్ష్ణ కషాయాలు బాధను రెట్టింపు చేస్తాయి. వీరికి ధనియాలు, జీలకర్ర కాచిన నీరు మేలు.

థైరాయిడ్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారు: అశ్వగంధను వైద్యుని సలహా లేకుండా మొదలుపెట్టరాదు.

తిప్పతీగ: 2021లో ముంబై వైద్యులు, తిప్పతీగ సేవించిన తరువాత కాలేయానికి హాని కలిగిన ఆరుగురు రోగుల వివరాలు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనితో ఏకీభవించలేదు. అదే పోలికలు గల మరొక జాతి తీగతో పొరపాటు జరిగి ఉండవచ్చునని వాదించింది. వివాదం ఎట్లా ఉన్నా, మనకు తెలియవలసింది ఒకటుంది. కాలేయ వ్యాధి ఉన్నవారు దానిని స్వయంగా వాడరాదు. గోడమీది తీగను చూసి ఇదేనని ఎవరికి వారు నిర్ణయించుకోరాదు.

ఈ జాగ్రత్త మూలికలకు మాత్రమే పరిమితం కాదు. 2021లో ఒకరి అల్లోపతి మందుల చీటీని ఫోటో తీసి పదిమందికి పంపడం పరిపాటి అయింది. వాటిలో స్టెరాయిడ్లు కూడా ఉండేవి. ఆక్సిజన్ అవసరమైన రోగులలో ప్రాణం నిలిపే ఆ మందే, అవసరం లేనివారు జ్వరం వచ్చిన మొదటి రోజే మింగితే హాని చేస్తుంది. ముఖ్యంగా చక్కెర అదుపులో లేనివారిలో బ్లాక్ ఫంగస్‌కు అది దారితీసింది. చీటీ మీద ఉన్న పేరు ఎవరిదో, మందు వారిదే.

2021 వేసవి నేర్పిన పాఠం

2021 మార్చి 1 నుండి 60 ఏళ్ళు దాటినవారికి టీకాలు ప్రారంభమయ్యాయి. మా బృందంలో కొందరు వేయించుకొన్నారు, కొందరు వెనుకాడారు. ఏప్రిల్ నాటికి రెండవ ఉద్ధృతి విరుచుకుపడింది. ఆసుపత్రులలో పడకలు, ఆక్సిజన్ దొరకని రోజులవి.

మా తొమ్మిదిమందిలో అందరికంటే హాస్యప్రియుడైన మిత్రుడు ఒకడుండేవాడు. అప్పటికి హాజరు పలకడంలో నియమం కొంత సడలింది. కొందరు మాట్లాడేవారు, కొందరు "హాజరు" అని అక్షరాలలో పంపేవారు. ఏప్రిల్ చివరి వారంలో అతడు ఆరు రోజులు అక్షరాలలోనే హాజరు పలికాడు. పైగా నవ్వు పుట్టించే సందేశాలు కూడా పంపాడు. జ్వరమున్నదని గాని, కషాయాలతో నెట్టుకొస్తున్నానని గాని ఎవరికీ చెప్పలేదు. ఏడవనాడు వారి అమ్మాయి ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి ఆక్సిజన్ బాగా పడిపోయింది. నాలుగు రోజుల తరువాత కన్నుమూశాడు. అంత్యక్రియలకు మాలో ఎవరమూ వెళ్ళలేకపోయాం.

రెండు రోజులు బృందంలో ఎవరూ ఏమీ పలుకలేదు. మూడవ సాయంత్రం అక్కయ్య ఒక నియమం పెట్టింది. ఇకపై హాజరు నోటితోనే పలకాలి, రెండు పూర్తి వాక్యాలు మాట్లాడాలి. అక్షరాలకు ఆయాసం తెలియదు, గొంతుకు తెలుస్తుందని ఆమె భావం.

ఆ నియమం ఎంత విలువైనదో నెల తిరగకుండానే తెలిసింది. మే 12 నుండి రాష్ట్రంలో మళ్ళీ లాక్‌డౌన్ వచ్చింది. మొదట ఉదయం ఆరు నుండి పది వరకే సడలింపు. ఆ రోజులలో ఒక సాయంత్రం రైల్వే మిత్రుడు హాజరు పలుకుతూ వాక్యం మధ్యలో రెండుసార్లు ఆగాడు. "ఏరా, మెట్లెక్కి వచ్చావా?" అని అడిగింది అక్కయ్య. "లేదక్కా, కూర్చునే ఉన్నాను" అన్నాడు. వెంటనే వేలికి పెట్టే ఆక్సిజన్ పరికరంతో చూడమన్నాం. 91 చూపించింది. అతనికి తాను ఆయాసపడుతున్నానన్న స్పృహే లేదు. కరోనాలో ఆక్సిజన్ తగ్గినా బాధ తెలియకపోవడం ఒక విచిత్ర లక్షణం. అమెరికాలోని మిత్రుడు రాత్రంతా మేలుకొని ఫోన్లు చేసి పడక వెదికాడు. పన్నెండు రోజుల తరువాత రైల్వే మిత్రుడు ఇంటికి వచ్చాడు. ఇప్పటికీ హాజరు పలుకుతున్నాడు.

అతనికి మేలు చేసింది మేమెవరం చెప్పిన కషాయమూ కాదు. ఒక మనిషి అతని ఊపిరిని విన్నది. మిత్రులు ఒకరికొకరు ఇవ్వగల నిజమైన ఔషధం ఈ గమనికే.

నిరపాయమైన గృహచికిత్సలు

మరి గృహచికిత్సలన్నీ మానుకోవాలా? అక్కరలేదు. మలివయసులో నిత్యం వేధించే సామాన్య బాధలకు, మితంగా వాడితే చాలావరకు హాని లేని పద్ధతులున్నాయి.

నిద్ర పట్టకపోవడం: పడుకునే ముందు పాదాలు కడిగి తుడుచుకొని, గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్ళను ఐదేసి నిమిషాలు మృదువుగా మర్దించవలెను. పిమ్మట నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచివేయవలెను. లేనిచో రాత్రి లేచినప్పుడు కాలు జారును. సాయంత్రం తరువాత కాఫీ, టీ మానవలెను.

మోకాళ్ళ నొప్పులు: నువ్వుల నూనె రాసి, గళ్ళ ఉప్పును మూకుడులో వేడిచేసి గుడ్డలో మూటకట్టి, చర్మం ఓర్చుకునేంత వేడితో పది నిమిషాలు కాపడం పెట్టవలెను. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారు ముందుగా మరొకరి చేత వేడిని చూపించుకొనవలెను. కుర్చీలో కూర్చొని కాలు చాపి పది లెక్కించి దించడం రోజుకు ఇరవైసార్లు చేసినచో తొడ కండరాలు బలపడును.

మలబద్ధకం: త్రిఫలా చూర్ణం అరచెంచా గోరువెచ్చని నీటితో రాత్రి సేవించవచ్చును. విరేచనాలు పలుచనైనచో ఆపవలెను. పెద్దవారిలో దాహం మందగించును గనుక గంట గంటకు కొంచెం నీరు త్రాగవలెను. గుండె, మూత్రపిండాల రోగులు మాత్రం వైద్యుడు చెప్పిన కొలత దాటరాదు. కొత్తగా మొదలైన మలబద్ధకం, మలంలో రక్తం, బరువు తగ్గడం ఉన్నచో పరీక్షలు తప్పనిసరి.

గొంతు గరగర, పొడిదగ్గు: గోరువెచ్చని ఉప్పునీటితో రోజుకు మూడుసార్లు పుక్కిలించవలెను. ఒక లవంగం బుగ్గన పెట్టుకొని చప్పరించవచ్చును. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫ పరీక్ష చేయించవలెను. అది క్షయ కావచ్చును.

ముక్కుదిబ్బడ: వాము వేసిన నీటి ఆవిరి దిబ్బడను తగ్గించును గాని వైరస్‌ను చంపదు. మరుగుతున్న గిన్నెను చేతబట్టి నడవడం, తల మీద మందపు దుప్పటి కప్పుకోవడం కాలిన గాయాలకు కారణమగును. గిన్నెను బల్లమీద స్థిరంగా ఉంచి ఐదు నిమిషాలు పట్టిన చాలును.

ముక్కు పొడిబారడం: వేలి కొనతో కొద్దిగా నెయ్యి గాని నువ్వుల నూనె గాని ముక్కు లోపలి అంచులకు రాయవలెను. చుక్కలుగా పోసుకోరాదు.

మిత్రబృందాలకు ఎనిమిది సూత్రాలు

మా ఆరేళ్ళ అనుభవాన్ని క్రోడీకరించి, ఇట్టి బృందాలు నడుపుకునే పాఠకుల కొరకు ఈ సూత్రాలు ఇస్తున్నాను.

1. రోజుకు ఒకసారి, ఒకే వేళకు, కంఠస్వరంతో పలుకరించుకోండి. అరగంట చాలు.

2. వరుసగా రెండు పూటలు హాజరు పలకనివారి ఇంటికి ఫోను చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి. ప్రతివారి పిల్లల లేదా పొరుగువారి నంబరు మరొకరి వద్ద ఉండాలి.

3. వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, రక్తవర్గం, వైద్యుని పేరు ఒక కాగితం మీద వ్రాసి తలుపు వెనుక గాని, బీరువా తలుపుకు గాని అంటించండి. ఆయుర్వేద మందులను కూడా అందులో వ్రాయాలి. చూపించుకొన్న ప్రతి వైద్యునికి ఆ కాగితం చూపాలి.

4. బాధను చెప్పండి, బాధను అడగండి, మోతాదు మాత్రం చెప్పకండి. "నాకు ఫలానా వైద్యుడు ఫలానా కారణానికి ఇచ్చాడు, నువ్వు నీ వైద్యుని అడుగు" అనడం స్నేహధర్మం.

5. ఏదైనా కొత్త మందు, మూలిక మొదలుపెడితే ఆ తేదీని బృందానికి తెలపండి. తరువాత ఏ మార్పు వచ్చినా కారణం పట్టుకోవడం తేలికవుతుంది.

6. జ్వరంతోపాటు దగ్గు, ఆయాసం ఉంటే రోజుకు మూడుసార్లు ఆక్సిజన్ చూసుకోండి. గోళ్ళకు రంగు, గోరింటాకు ఉన్నా, చేతులు చల్లగా ఉన్నా పరికరం తప్పు చూపవచ్చు. 94 కంటే తగ్గినా, మాట తడబడినా, ఛాతీ నొప్పి, అయోమయం కలిగినా వంటింటి చికిత్సలతో కాలయాపన చేయరాదు.

7. దుఃఖవార్తలు, వదంతులు రాత్రివేళ పంపుకోకండి. నిద్ర చెడిన వృద్ధునికి మరునాడు రక్తపోటు, చక్కెర రెండూ అదుపు తప్పుతాయి.

8. మాటవినికిడి తగ్గిన మిత్రుని వదిలివేయకండి. చెవి పరీక్ష చేయించుకునేలా నచ్చజెప్పండి. వినబడకపోవడమే చాలామంది పెద్దలు మౌనంలోకి వెళ్ళడానికి కారణం.

పలుకరించే మిత్రులే లేరనుకునేవారి కొరకు ప్రభుత్వ సేవలున్నాయి. వృద్ధుల సహాయానికి ఎల్డర్ లైన్ నంబరు 14567. మనోవేదన భరించలేనిదిగా ఉన్నప్పుడు టెలి మానస్ నంబరు 14416. రెండూ ఉచితం.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. మలివయసు మాత్రం ముగిసే అత్యవసరం కాదు. వాతం, మధుమేహం, మోకాళ్ళు, ఒంటరితనం మనతోనే ఉంటాయి. కాబట్టి మహమ్మారి నాడు మొదలైన పలుకరింపులను అది పోయిందని ఆపివేయవద్దని పెద్దలందరికీ నా మనవి. శొంఠి కొనాలంటే మార్కెట్టుకు వెళ్ళాలి, చూర్ణం కావాలంటే వైద్యుడు చెప్పాలి. "ఈ రోజు ఎలా ఉన్నావు, రాత్రి నిద్ర పట్టిందా?" అని ఒక పాత మిత్రుని అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అడిగిన తరువాత తొందరపడి మందు చెప్పకుండా, అతడు చెప్పేది చివరిదాకా వినండి.